రెండు ముడుల పురికొస

మా యింటి భోషాణపు పెట్టె యడుగున నొక పురికొస గలదు. దానికి రెండు ముడులున్నవి. ఆ ముడుల నడుమ పొడవు 5 అడుగుల 6 అంగుళములు. అనగా కట్టిననాడు అంత యుండెను. అరువదియేండ్లు దాటుటచే పురి బిగిసి యిప్పుడు కొలిచిన అరంగుళము తక్కువ వచ్చుచున్నది. ఇది దేనికి దాచితిరని మా యింటికి వచ్చిన వారు కొందరడిగిరి. వారికి చెప్పక దాటవేసిన మాటను ఈ పుటలలో చెప్పదలచితిమి. ఇందులో రైలు సంగతి కొంత, మా కుటుంబపు సంగతి కొంత గలదు. రెంటిని విడదీసి చెప్పుట మాకు చేతకాలేదు.

మాది నెల్లూరికి తూర్పున, బకింగ్‌హాం కాలువకును సముద్రమునకును నడుమనున్న పల్లె. ఇసుక, సరుగుడు తోపులు, ఉప్పుగాలి, దూరమున వరిచేలు. మా ముత్తాతల కాలమున చెన్నపట్టణపు ప్రయాణమనగా ఆ కాలువపై పడవ ప్రయాణమే. 1877-78లలో కరువు పనిగా త్రవ్వించిన తునకతో ఆ కాలువ చెన్నపట్టణపు నడిబొడ్డు గుండ సాగిపోయినదట. అటుపిమ్మట రైలు వచ్చినది. అయితే నెల్లూరికి మొదట వచ్చిన రైలు నేడు మనమెరిగిన వెడల్పు పట్టాల రైలు కాదు. 1887లో తిరుపతి దిక్కునుండి మీటరు పట్టాల దారి వచ్చినది. 1899లో చెన్నపట్టణము నుండి బెజవాడకు వెడల్పు దారి పూర్తికాగా గూడూరు నెల్లూరుల నడుమ చిన్నదారి పోయి పెద్దదారి నిలిచినది. చిన్నదారి గూడూరికి వెనుదిరిగినది. ఆనాటినుండి చాలకాలము గూడూరు రెండు కొలతల కూడలిగా నుండెను. మా తండ్రిగారు చిన్ననాట తిరుపతి మ్రొక్కులకు పోవునపుడు నెల్లూరులో పెద్దరైలెక్కి, గూడూరున దిగి, మూటాముల్లె కూలివాని తలకెత్తి, చిన్నరైలెక్కెడివారట. మనుష్యులు తమకాళ్లతో తాము మారుదురు గనుక వారి కష్టము స్వల్పమే. ధాన్యపు బస్తా తనకు తాను మారదు. ఒక పెట్టెలోనుండి దానిని వీపునకెత్తుకొని దింపి, మరియొక పెట్టెలోనికి మోయవలెను. అంగుళములలో నున్న యీ భేదమంతయు కట్టకడపట కూలివాని వెన్నుపైకి వచ్చెడిది. ఇంజనీర్ల గ్రంథములలో ఆ పద్దు ఏ గడిలో వ్రాసిరో మాకు కానరాలేదు.

ఈ రెండు కొలతలు మనకెట్లు వచ్చినవో కొంత చెప్పవలెను. డల్హౌసీ ప్రభువు కాలమున మన దేశపు రైళ్లకు 5 అడుగుల 6 అంగుళముల వెడల్పు నిర్ణయింపబడినది. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుండి ఠాణాకు నడచిన తొలిరైలును, 1856 జూలై 1న చెన్నపట్టణపు రాయపురమునుండి నడచిన దక్షిణదేశపు తొలిరైలును ఆ కొలతవే. పిదప ఖర్చు బరువై, 1870లో మేయో ప్రభువు కాలమున చిన్నదారులకు మీటరు వెడల్పు ఏర్పరచిరి. మన దేశమునకు మెట్రిక్ కొలతలు రానున్నవన్న తలంపు అప్పుడుండెను గనుక ఆ మీటరు నెన్నుకొనిరి. మెట్రిక్ కొలతలు రావడానికి మరి యెనుబదియేండ్లకు పైగా పట్టినవి. పట్టాలు మాత్రము ముందే పడినవి. నాగపట్టణమునుండి తిరుచిరాపల్లికి 1862 నాటికి వేసిన వెడల్పు దారిని సయితము తరువాత పెకలించి సన్నము చేసిరి. పొదుపు పేర చేసిన పనికి ఎంత వ్యయమగునో తెలియవలెనన్న ఈ చరిత్ర చదువవలెను.

ఇక మన పొరుగున నున్న సింహళము. 1864లో కొలంబో దిక్కున తొలిరైలు నడచినపుడు అచటివారు నాటి మన కొలతనే, 5 అడుగుల 6 అంగుళములనే, తీసికొనిరి. మన దక్షిణదేశము ఆ కొలతను విడిచినది, వారు విడువలేదు. 1914 ఫిబ్రవరిలో పాంబను వంతెన తెరచి, ధనుష్కోటి వరకు రైలును, అచటినుండి తలైమన్నారునకు ఓడను ఏర్పరచినపుడు చిత్రమైన స్థితి కలిగినది. ఇటు ఎగ్మూరునుండి వచ్చు బోటుమెయిలు మీటరు పట్టాలపై వచ్చి సముద్రము చెంత ఆగును. ఇరువదిరెండు మైళ్ల నీరు. అటు కొలంబో పోవు రైలు వెడల్పు పట్టాలపై నిలిచియుండును. నీటిపై వంతెన కట్టవలెనన్న యోచన ఒకప్పుడుండెను. కట్టినను ఒక రైలు రెండవ దానిపై నడువజాలదు గదా.

ఈ సంగతులేవియు మాకు పుస్తకములవలన మొదట తెలియలేదు. పదియవయేట, 1961లో, మా అవ్వతో రామేశ్వరము పోయినపుడు తెలిసినవి.

అవ్వ మా తండ్రిగారి తల్లి. చిన్నవయసుననే భర్తను పోగొట్టుకొని, మా పెద్దతాత, అనగా భర్తగారి అన్న, యేలుబడిలోనున్న యింట కాలము గడపినది. ఆమెకొక్క తమ్ముడు. 1938లో గుమాస్తా పనికి కొలంబో పోయి, అచటి రైల్వేలో కుదిరెను. కొన్నియేండ్లకు ఒక సింహళ స్త్రీని వివాహమాడెను. ఉత్తరము వచ్చిననాడు పెద్దతాత దానిని చదివి, చింపి, తలస్నానము చేసెనట. నాటినుండి ఆతని పేరు మా యింట పలుకరాదు. మేము పిల్లలము ‘సిలోను తాత’ అని వినుటయే గాని యెరుగము. అయినను అవ్వకు ఆ తమ్ముని యుత్తరములు వచ్చుచునే యుండెను. మా పల్లె బడిపంతులుగారి విలాసమునకు వచ్చెడివి. ఆ పంతులుగారు చదివి వినిపించి, ఆమె చెప్పిన జవాబు వ్రాసి పంపెడివారు. ఇరువదియేండ్లపాటు ఒకరి గుట్టును మరియొకరు కాపాడుట మా పల్లెవంటి చోట చిన్న విషయము గాదు.

ఆ యేడు ఊరివారు కొందరు సేతుస్నానమునకు బయలుదేరగా అవ్వయు పోదుననెను. పుణ్యమునకు పెద్దతాత అడ్డుచెప్పలేదు. తోడుగా మమ్ము పంపిరి. నెల్లూరులో రాత్రి రైలెక్కి తెల్లవారునప్పటికి చెన్నపట్టణపు సెంట్రలు చేరితిమి. అచట దిగి, జట్కాలో మూటలు వేసికొని, ఎగ్మూరు స్టేషనుకు పోవలెను. ఒక నగరములో రెండు స్టేషనులేలనని మేము జట్కావాని నడిగితిమి. ‘అది పెద్దరైలు, ఇది చిన్నరైలు’ అని ఆతడు అరవయాసతో చెప్పి గుఱ్ఱము నదలించెను. అంతకు మించిన యుత్తరము మాకు చాలకాలము దొరకలేదు.

చిన్నరైలు రాత్రియంత యూగినది. మరునాడు మండపము దాటునపుడు, సింహళపు తేయాకు తోటలకు పోవు కూలీలను నిలిపి పరీక్షించెడు విడిది అదియని తోటివారు చూపిరి. తరువాత పాంబను వంతెన. ఇరువైపుల నీరు తప్ప కమ్మి యైనను కానరాదు. పడవలకు దారియిచ్చుటకు నడుమ కమానును మనుష్యులే మీటలు త్రిప్పి లేపుదురని విని, కొందరు కన్నులు మూసికొని రామనామము చేసిరి. అవ్వ మాత్రము కన్నులు తెరచుకొనియే యుండెను. మేమామెను అంత శ్రద్ధగా దేనినైన చూచుట అదివరకెన్నడు నెరుగము.

సేతుస్నానమైన పిదప తోటివారు సత్రమున మేను వాల్చగా, ‘పిల్లవాడు ఓడ చూడవలెనని యేడ్చుచున్నాడు’ అని అవ్వ వారితో చెప్పి మమ్ము వెంటబెట్టుకొని బయలుదేరెను. మేము ఏడ్వలేదు. అవ్వ నోట అసత్యము వినుట మాకదే తొలిసారి.

ధనుష్కోటి రేవున రైలు పట్టాలు ఓడవద్దకు పోయి ఆగియుండెను. ఓడ వచ్చినది. ఆ కాలమున ఆ దారిని నడచిన ఓడలకు ఇర్విన్, గోషెన్ అని పేర్లు. సుంకపువారి తనిఖీ ముగిసి జనము బయటికి వచ్చుచుండ, నెరసిన తలతో పంట్లాము తొడిగిన యొకడు అవ్వ యెదుట నిలిచెను. ఆతని వెనుక నొక స్త్రీ, చేతిలో నాలుగు గిన్నెల క్యారియరు. ఆ తమ్ముడు ‘అక్కా’ అనెను. అవ్వ బదులు చెప్పలేదు. ఆతని చెవి పట్టుకొని, బడికి ఎగనామము పెట్టిన పిల్లవానినివలె, గట్టిగా మెలిపెట్టెను. ఇద్దరును నవ్విరి. పిదప ఇద్దరును ఏడ్చిరి.

నీడపట్టున కూర్చుండి వారెన్నియో మాటలాడుకొనిరి. మాకు జ్ఞాపకమున్నది ఒక్కటి. కొలంబోకు పోయిన తొలియేడాది ఒక తిరునాళ్లలో పాములవారు తెలుగు మాటలాడుచుండ విని, అక్కడనే నేలపై కూలబడి యేడ్చితినని తాత చెప్పెను. సింహళమున అహిగుంటికులను సంచారజాతివారు నేటికిని ఇంట తెలుగే మాటలాడుదురని మేము పెద్దవారమైన పిదప చదివితిమి. ఏ కాలమున, ఏ యోడమీద పోయిరో గాని, తాతకంటె చాల ముందే పోయినవారు.

ఆపై ఆ స్త్రీ క్యారియరు విప్పెను. తెల్లని యన్నపు ముద్దను పలకలుగా కోసి తెచ్చినది. అవ్వ నిష్ఠ యెట్టిదో పాఠకులకు చెప్పవలెను. నెల్లూరు విడిచిన లగాయతు ఆమె అరటిపండ్లు, తాను తెచ్చుకొన్న అటుకులు తప్ప ముట్టలేదు. రైలులో కొళాయి నీరు త్రాగలేదు. సత్రమున వంటబ్రాహ్మణుని గోత్రమడిగి తెలిసికొన్నది. అట్టి అవ్వ ఆ పలకను చేతికి తీసికొని, ఒక్కసారి సముద్రము వంక చూచి, తినెను. రెండవ పలకయు తినెను. మరదలి చేయి పట్టుకొని, ‘బాగుందమ్మా’ అనెను. ఆమె ‘వదినా’ అనెను. ఆ మాట తాత నేర్పియుండును.

మేము మాత్రము రైలు ధ్యాసలో నుంటిమి. ఈ రైలునే ఓడపైకెక్కించి అటు దింపరాదా యని తాత నడిగితిమి. ఆతడు రైల్వేవాడు గనుక ఆ ప్రశ్నకు సంతసించెను. క్యారియరుకు చుట్టిన పురికొస విప్పి, జేబులోని టేపుతో కొలిచి రెండు ముడులు వేసెను. ‘ఇది మా దేశపు పట్టాల వెడల్పు. ఇక్కడ పెట్టి చూడు’ అనెను. మేము పోయి ఆ పట్టాలపై పెట్టితిమి. రెండడుగులకు పైగా పురి మిగిలినది. ‘చూచితివా? మావాళ్లు మీ పట్టాలమీద పడిపోతారు, మీవాళ్లు మా పట్టాల నడుమ పడిపోతారు’ అని నవ్వి, ‘నెల్లూరు పోయినాక అక్కడ కూడ పెట్టి చూచి నాకు జాబు వ్రాయి’ అనెను. మరునాటి యోడకు వారు తిరిగిపోవలెను. ఈ సంగతి యింట చెప్పవద్దని అవ్వ మాతో ఒక్క మాటయు అనలేదు. చెప్పవలసిన పనిలేదని తలచినదేమో.

తిరుగుప్రయాణము సాగినది. నెల్లూరులో దిగితిమి. రైలు కదలి వెడలిపోయిన తక్షణమే మేము పట్టాలపైకి దిగితిమి. గ్యాంగుమాను ఒకడు కేకలు వేయవచ్చి, మా చేతిలోని పురికొసను చూచి, వేడుకపడి రెండవ కొస తానే పట్టెను. ఒక ముడి ఈ పట్టాకు, ఒక ముడి ఆ పట్టాకు, అంగుళమైన తేడా లేక సరిపోయినది. నడుమ నాలుగువందల మైళ్లు చిన్నరైలు. అటు సముద్రముదాటిన తలైమన్నారున నేదో, ఇటు నెల్లూరున నదియే. మేము సంతోషము పట్టలేక, ‘అవ్వా, సిలోను తాత పట్టాలు మన పట్టాలు ఒకటే’ యని అరచితిమి.

బండి కట్టించుకొని మమ్ము తీసికొనిపోవ వచ్చిన పెద్దతాత అప్పటికే ప్లాటుఫారముపై నిలిచియుండెను.

పిదప జరిగినదానిని క్లుప్తముగా చెప్పెదము. ఇల్లు చేరువరకు ఆయన మాటలాడలేదు. ఇంట మమ్ము నడిగిరి, మేము చెప్పితిమి. ఎవరెవరు వచ్చిరి, ఏమి తెచ్చిరి, అవ్వ యేమి తినెను, అన్నియు చెప్పితిమి. పదియేండ్లవానికి అది నేరము గాదని మా మిత్రులందురు. మేమును ఒకానొకప్పుడు అట్లే అనుకొందుము. పంచగవ్యము పుచ్చుకొని ప్రాయశ్చిత్తము చేసికొన్నచో వంటయింటిలోనికి రావచ్చునని పెద్దతాత తీర్పు చెప్పెను. అవ్వ చేసికొననెను. ‘నేను తప్పు చేసినపుడు చేసికొంటాను బావగారూ’ అని తలుపు చాటునుండి అన్న ఆ మాట మా చెవులలో నేటికిని ఉన్నది. ఆమె ఆ యింట ఆయన యెదుట పూర్తివాక్యము పలుకుట అదియే మేము వినుట. నాటినుండి పెరటిలోని చుట్టింటిలో వేరుగా పొయ్యి పెట్టుకొని, పోవువరకు అచటనే వండుకొన్నది.

మా తండ్రిగారి మాట యొకటి చెప్పక తప్పదు. వీరేశలింగముగారి యందు ఆయనకు పరమభక్తి. వితంతూద్వాహము గూర్చి, సహపంక్తి భోజనము గూర్చి కావలి మొదలు గూడూరు వరకు సభలలో ఉపన్యసించినవారు. ఆ దినమున ఆయన వసారాలో పత్రిక చదువుచుండిరి. పుట మాత్రము త్రిప్పలేదు. సంస్కరణము సభాస్థలి నుండి ఇంటిలోనికి వచ్చునపుడు గడపవద్ద పెట్టె మార్చవలసివచ్చును గాబోలు. ఆయనను నిందించు అర్హత మాకు లేదు. మేము చేసినది పిదప ప్రతి ఆదివారము చుట్టింటిలో అవ్వతో భోజనము చేయుట మాత్రమే. అవ్వ మమ్మొక్కనాడును దెప్పలేదు. ‘నెల్లూరులో సరిపోయిందని తమ్మునికి రాసినావా?’ అని మాత్రము అడిగెను. వ్రాసితిమి.

తాత మరల వత్తునని వ్రాసిన జవాబు 1964లో వచ్చినది. ఆ యేడు డిసెంబరు 22వ తేది రాత్రి తుఫానులో ధనుష్కోటి పోయినది. పాంబనునుండి పోవుచున్న పాసింజరు బండి యావత్తు సముద్రము పాలై వందమందికి పైగా మరణించిరి. రేవు పోయినది, స్టేషను పోయినది, మేము పురికొస పరచిన పట్టాలు పోయినవి. పాంబను వంతెనను శ్రీధరన్ అను యువ ఇంజనీరు నలువదియారు దినములలో నిలిపెను. ధనుష్కోటికి దారిని మాత్రము మరల వేయలేదు. తరువాత కొన్నియేండ్లు రామేశ్వరమునుండి ఓడ నడచినది. 1964 అక్టోబరులో శాస్త్రిగారును సిరిమావో బండారునాయకెయు చేసికొన్న యొడంబడికవలన తోటకూలీలు లక్షలకొలది ఇటు రావలసివచ్చినపుడు ఆ యోడమీదనే వచ్చిరి. 1980లలో సింహళపు అంతర్యుద్ధముతో అదియు ఆగెను. అవ్వ 1969లో పోయినది. తమ్ముని మరల చూడలేదు.

ఇప్పటి సంగతి విచిత్రముగా నున్నది. 1992లో మన రైల్వేలు ఏకకొలత పథకము చేపట్టి చిన్నదారులను వరుసగా వెడల్పు చేసినవి. పాంబను వంతెన 2007లో వెడల్పైనది. తలైమన్నారు దారి యుద్ధమున పాడై, మన ఇర్కాన్ సంస్థ చేతనే పునర్నిర్మింపబడి 2015లో రేవు వరకు తెరువబడినది. అనగా ఇటును 1676 మిల్లీమీటర్లు, అటును 1676. నూరేండ్లు వేరైన కొలత లిప్పుడు ఒకటైనవి. ఓడ మాత్రము లేదు. కొలతలు వేరైనకాలమున దినదినము జనము దాటిరి. పంజాబులో అటారీకి ఇటును అటును కొలత ఎప్పుడును ఒకటే. 1976లో మొదలైన సంఝౌతా బండి 2019లో ఆగిపోయినది. నేపాళమునకు జయనగరునుండి పోవు రెండున్నర అడుగుల చిన్నరైలు 2014 వరకు కుంటుచు నడచినది. 2022లో వెడల్పు దారిపై మరల మొదలైనది. స్పెయిను ఫ్రాన్సుల నడుమ కొలతలు వేరైనను, 1960ల చివరనుండియే ఇరుసుపై చక్రములు జరుపుకొని దాటెడు బండ్లు నడచినవి. అంగుళములను సరిచేయు విద్య ఇంజనీర్లకు ఎన్నడో అబ్బినది. దాటనీయకుండుటకు మనము చెప్పుకొను సాకులలో పట్టాల వెడల్పు మిక్కిలి అమాయకమైనదని మా యభిప్రాయము.

2025 ఏప్రిలులో క్రొత్త పాంబను వంతెన తెరచినారు. నడికమాను ఇప్పుడు నిలువుగా, యంత్రముతో లేచును. ఆ యేడే మనుమరాలితో మేము పోయితిమి. నెల్లూరులో ఎక్కిన పెట్టెనుండి రామేశ్వరముననే దిగితిమి. సెంట్రలు లేదు, జట్కా లేదు. ధనుష్కోటికి తారు రోడ్డుపై పోయితిమి. మొండిగోడలు, గవ్వలమ్మువారు. ఓడ యే దిక్కున నిలిచెనో మనుమరాలికి చూపబోయి మేమే తడబడితిమి.

తిరిగివచ్చిన పిదప ఆ పిల్ల పాత యుత్తరములపై విలాసములు పట్టుకొని, ఎక్కడెక్కడనో విచారించి, కొలంబోలో తాత కుమార్తెను కనుగొన్నది. ఆమెకును డెబ్బదియేండ్లు. ఫోనులో ఆంగ్లమున మాటలాడితిమి. తల్లిదండ్రు లిద్దరును గతించిరట. నెల్లూరులో పురికొస సరిపోయినదని మేము వ్రాసిన కార్డు తండ్రి బల్లసొరుగులో కడవరకు నుండెనట. మేము మా తప్పిదము, దానివలన అవ్వ పెరటిపాలైన సంగతి చెప్పితిమి. వారికది తెలియదు, అవ్వ తమ్మునికి వ్రాయించనేలేదు. ఆమె కొంతసేపు మౌనముగా నుండి, ఆ దినపు వంట సంగతి తల్లి తరచుగా చెప్పెడిదనెను. అది కిరిబత్ అట. వారిండ్ల శుభదినములలో వండుదురు. పెద్దవదినకు ఉల్లి పనికిరాదని భర్త చెప్పగా, ఏది వేసిన ఏది తప్పగునో తెలియక, బియ్యము, కొబ్బరిపాలు, ఉప్పు తప్ప వేరేమియు వేయలేదట.